ఫ్లైట్ పాయింట్లా, చౌక టికెట్టా? పాలమూరు, నల్గొండ నుంచి ఎగిరేవాళ్ళ లెక్క వేరే

తరచూ ఫ్లైట్ ఎక్కాల్సిన ఉద్యోగమో వ్యాపారమో ఉన్నవాళ్ళు ఎప్పుడో ఒకసారి ఈ ప్రశ్న అడుగుతారు. ఒకే కంపెనీని పట్టుకుని, టికెట్ కొన్నప్పుడల్లా అది ఇచ్చే, తర్వాత టికెట్‌కి వాడుకునే పాయింట్లు కూడబెట్టాలా, లేక ఆ రోజు ఏది తక్కువకు దొరికితే అది కొనాలా అని. దీని మీద ఇంటర్నెట్‌లో బోలెడు సలహాలున్నాయి కానీ అందులో ఎక్కువ భాగం ఎయిర్‌పోర్టుకు అరగంట దూరంలో ఇల్లున్నవాళ్ళు రాసినవే. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో (పరిశ్రమల ప్రాంతం) డ్యూటీ చేసుకుంటూ నెలనెలా ఢిల్లీకో అహ్మదాబాద్‌కో తిరిగే నాలాంటివాడికి అవి సగమే పనికొస్తాయి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. మన వైపు నుంచి వెళ్ళేవాళ్ళు మొదట చూడాల్సింది ఫ్లైట్ టైము, ఆ తర్వాత రేటు, పాయింట్లు అన్నిటికన్నా ఆఖర్న. పాయింట్లనే ముందు చూసుకోవాల్సిన వాళ్ళు కూడా కొందరున్నారు, వాళ్ళ సంగతి కింద వస్తుంది.

శంషాబాద్ దాకా వెళ్ళేదే అసలు ఖర్చు

మహబూబ్‌నగర్ నుంచి శంషాబాద్ ఎయిర్‌పోర్టు ఎనభై కిలోమీటర్ల పైమాటే. జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి, మధ్యలో రాయికల్ టోల్‌గేటు, ట్రాఫిక్ లేకపోతే గంటన్నర. నల్గొండ నుంచైతే నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగా వచ్చి ఔటర్ ఎక్కాలి, వంద కిలోమీటర్లు అటూ ఇటూ. వనపర్తి, గద్వాల వాళ్ళు ఇంకా కలుపుకోవాలి.

ఇప్పుడు యాప్ తెరిస్తే ఉదయం 5:40 ఢిల్లీ ఫ్లైట్ 4,800, అదే రోజు 10:30 ఫ్లైట్ 5,900 అని కనబడింది అనుకోండి. చెయ్యి దానంతటదే 4,800 మీదికి పోతుంది. కానీ 5:40 ఫ్లైట్‌కి లగేజీ వేసే కౌంటరు గంట ముందే మూసేస్తారు కాబట్టి నాలుగింటికల్లా అక్కడుండాలి, అంటే రాత్రి రెండు దాటగానే ఇంటి నుంచి కదలాలి, ఆ టైముకు బస్సును నమ్ముకోలేం కాబట్టి క్యాబ్ తప్పదు. డ్రైవర్‌ని అడిగితే "అర్ధరాత్రి పోయుడు, ఖాళీగ వచ్చుడు సార్, రెండు దిక్కుల డీజిల్ లెక్కెయ్యాలె" అంటాడు, అది న్యాయమే కూడా. అదే 10:30 ఫ్లైట్ అయితే తెల్లవారి ఆరు లోపు హైదరాబాద్ బస్సెక్కి శంషాబాద్‌లో దిగి, అక్కణ్ణుంచి ఎయిర్‌పోర్టుకి చేరొచ్చు, మొత్తం కలిపినా క్యాబ్ ఖర్చులో చిన్న ముక్క. టికెట్ మీద 1,100 మిగిలిందనుకుంటే క్యాబ్‌లో అంతకు రెట్టింపు పోయింది, నిద్ర చెడడం అదనం.

నల్గొండ వాళ్ళు ఎల్బీనగర్ వరకు ఆర్టీసీలో వచ్చి అక్కణ్ణుంచి ఎయిర్‌పోర్టు పుష్పక్ బస్సు పట్టుకోవచ్చు, దీనికీ పగటి ఫ్లైటే ఉండాలి. తిరుగు ప్రయాణంలోనూ ఇదే గొడవ: రాత్రి ఏడింటికి దిగితే బస్సుంటుంది, పదకొండున్నరకి దిగితే క్యాబ్‌వాడు ఎంతంటే అంత.

కాబట్టి రెండు టికెట్లు పోల్చేటప్పుడు యాప్‌లో కనబడే రేటుకి రానూపోనూ రోడ్డు ఖర్చు కలిపి ఒక కాగితం మీద రాసుకోండి, సగం తలనొప్పి అక్కడే తీరిపోతుంది. క్యాబ్ డబ్బులు కంపెనీ ఇస్తుంటే మాత్రం ఈ లెక్కంతా వదిలేయండి, మీ లోకం వేరు.

రేటు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి

మన దేశంలో విమానం టికెట్ రేటు కంపెనీలే పెట్టుకుంటాయి, ప్రభుత్వం జోక్యం చేసుకునేది అరుదు. 2025 డిసెంబరులో ఇండిగో ఫ్లైట్లు పెద్ద సంఖ్యలో రద్దయి మిగతావాళ్ళ రేట్లు ఆకాశాన్నంటినప్పుడు కేంద్రం తాత్కాలికంగా పరిమితి పెట్టింది. 500 కిలోమీటర్ల లోపు 7,500, వెయ్యి వరకు 12,000, 1,500 వరకు 15,000, ఆపైన 18,000 రూపాయలు, పన్నులు, ఎయిర్‌పోర్టు ఫీజులు కాక. ఆపద సమయంలో దయతలచి పెట్టిన పరిమితే అంతుంటే మామూలు రోజుల్లో పై హద్దు ఎక్కడుందో మీరే ఊహించుకోండి.

రేటు మారడం వెనక మంత్రమేం లేదు. ఒక ఫ్లైట్‌లో సీట్లన్నీ ఒకే ధరకు పెట్టరు, కొన్ని కొన్ని సీట్లకు ఒక్కో ధర చొప్పున అంచెలు వేసుకుంటారు. చౌక అంచె అయిపోగానే పై అంచె తెరుస్తారు. దీంట్లో మనకు పనికొచ్చే ముక్క ఒకటుంది. పెళ్ళికి ఐదుగురు వెళ్ళాలనుకోండి, ఐదుగురికీ కలిపి వెతికితే చౌక అంచెలో నాలుగు సీట్లే మిగిలున్నప్పుడు చాలాసార్లు ఐదుగురికీ పై రేటే చూపిస్తుంది. అందుకని ముందు ఒక్కరికే వెతకండి, తర్వాత ఇద్దరికి, అలా పెంచుకుంటూ పోతే రేటు ఎక్కడ ఎగిరిందో తెలిసిపోతుంది. అప్పుడు నలుగురికి ఒక బుకింగ్, ఒకరికి వేరే బుకింగ్ చేసుకోవచ్చు. చిన్న పిల్లల్ని మాత్రం విడిగా బుక్ చేయకండి, ఫ్లైట్ మారిస్తే ఆగమవుతుంది.

అర్ధరాత్రి వెతికితే తక్కువంట, మంగళవారం బుక్ చేస్తే తక్కువంట లాంటి మాటల మీద టైము పెట్టకండి. ఆఖరి వారం దాకా ఆగకపోవడం, పండుగ ముందురోజును వదిలేసి ఇంకో రోజు ముందు కదలడం, ఈ రెండింటితో మిగిలేంత ఆ చిట్కాలతో మిగలదు.

ఇంకోటి, చివరి పేజీలో కలిసే డబ్బులు. ఒక సైట్లో 5,200, ఇంకో సైట్లో 5,350 అని చూసి మొదటిదానిలో కొంటే కన్వీనియెన్స్ ఫీజు అని మనిషికింత కలుస్తుంది, సీటు ఎంచుకోమని ఇంకింత అడుగుతుంది, ముందే టిక్కు పెట్టిన ఇన్సూరెన్స్ ఒకటి పక్కన కూర్చునుంటుంది. డబ్బు కట్టే బటన్ దాకా వెళ్ళి అక్కడ కనబడ్డ మొత్తాన్నే పోల్చాలి.

పాయింటు విలువ రూపాయల్లో ఎంత?

నాకు చిరాకొచ్చేది ఇక్కడే. ఒక కంపెనీలో కష్టపడి పాయింట్లు పోగేసి, దసరాకి ఇంటిల్లిపాదికీ టికెట్లు చేద్దామని యాప్ తెరిస్తే, మామూలు రోజు అడిగే పాయింట్లకు దాదాపు రెట్టింపు అడిగింది, పైగా పన్నులు చేతి నుంచి కట్టమంది. పాయింట్ల ధర కూడా రూపాయల ధరతో పాటే పెరుగుతుందని ఎవరూ పెద్ద అక్షరాల్లో రాయరు. మనకిచ్చేటప్పుడు అసలు ఛార్జీ మీద లెక్కకట్టి ఇస్తారు, పన్నుల మీద, ఎయిర్‌పోర్టు ఫీజుల మీద ఏమీ రాదు. మన దగ్గర్నుంచి తీసుకునేటప్పుడు మాత్రం వాళ్ళ ఇష్టం.

లెక్క ఇలా వేసుకోండి. మీకు కావాల్సిన తేదీన టికెట్ రూపాయల్లో 6,000 ఉంది, పాయింట్లతో అయితే 9,000 పాయింట్లు ప్లస్ 1,200 రూపాయలు అడుగుతోంది అనుకుందాం. 6,000లోంచి 1,200 తీసేస్తే 4,800, దాన్ని 9,000తో భాగిస్తే పాయింటుకి 53 పైసలు. ఇప్పుడు సంపాదన వైపు చూడండి. అదే 6,000 టికెట్‌లో అసలు ఛార్జీ 4,700 ఉండి, వందకి 8 పాయింట్లు ఇస్తే 376 పాయింట్లు, అంటే సుమారు 200 రూపాయలు. ఈ అంకెలు ఉదాహరణకు వేసినవే, మీ యాప్‌లో కనబడేవి పెట్టి చూసుకోండి, చాలావరకు టికెట్ ధరలో మూడు నాలుగు శాతం దగ్గరే తేలుతుంది.

అంటే పక్క కంపెనీ టికెట్ 200 రూపాయలకు మించిన తేడాతో చౌకగా ఉంటే పాయింట్ల కోసం ఇటు రావడం దండగ. కొసరుగా రెండు పచ్చిమిరపకాయలు వేస్తాడని కిలోకి పది రూపాయలు ఎక్కువ పెట్టి అదే బండి దగ్గర కూరగాయలు కొన్నట్టుంటుంది.

ఇండిగోనా, ఎయిర్ ఇండియానా

దేశంలో తిరిగేవాళ్ళకి ఇప్పుడు గట్టిగా చెప్పుకోదగ్గ పాయింట్ల క్లబ్బులు రెండు. ఇండిగో వాళ్ళది బ్లూచిప్, 2024లో మొదలైంది. ఎయిర్ ఇండియా వాళ్ళది చాలా ఏళ్ళు ఫ్లయింగ్ రిటర్న్స్ పేరుతో నడిచి, 2025లో మహారాజా క్లబ్ అయింది. రెండింట్లోనూ చేరడం ఉచితం కాబట్టి రెండింట్లో చేరిపోండి, ఆలోచించాల్సిన పనే లేదు. ఆలోచించాల్సింది ఒకదానికే కట్టుబడాలా అన్న దగ్గర.

శంషాబాద్ నుంచి ఇండిగోకి ఉన్నన్ని ఫ్లైట్లు ఇంకెవరికీ లేవు. దేశం మొత్తంలో కూడా ప్రయాణికుల్లో అరవై శాతం పైగా వాళ్ళ దగ్గరే. పైన చెప్పిన పగటి ఫ్లైట్ లెక్కలో తరచుగా వాళ్ళదే తగులుతుంది, అలా మీరు ప్రయత్నించకుండానే బ్లూచిప్‌లో కొంత పోగవుతుంది. ఎయిర్ ఇండియా బలం వేరే చోటుంది. అది స్టార్ అలయన్స్ అనే అంతర్జాతీయ విమాన కంపెనీల కూటమిలో ఉంది కాబట్టి లుఫ్తాన్సా, సింగపూర్ ఎయిర్‌లైన్స్, యునైటెడ్ లాంటివాటిలో తిరిగినా మహారాజా క్లబ్‌లో జమ చేసుకోవచ్చు, ఖర్చూ పెట్టుకోవచ్చు, పై హోదా వస్తే విదేశాల్లో లాంజ్ (ఎయిర్‌పోర్టులో విశ్రాంతి గది) కూడా దొరుకుతుంది. ఢిల్లీ, ముంబై దాకా వెళ్ళొచ్చేవాడికి ఇది పెద్దగా అక్కరకు రాదు. కంపెనీ పంపితే జర్మనీ, అమెరికా తిరిగేవాడికి వస్తుంది.

ఇలాంటివాళ్ళే పాయింట్లను ముందు చూసుకోవాల్సింది. టికెట్ డబ్బులు కంపెనీవి, పాయింట్లు మీవి, పోయేదేమీ లేదు. బుకింగ్ చేసే ట్రావెల్ డెస్క్‌కి మీ సభ్యత్వం నంబరు ఒకసారి గట్టిగా చెప్పి ప్రొఫైల్‌లో ఎక్కించుకోండి. నంబరు లేకుండా ప్రయాణం అయిపోయినా గడువులోపు బోర్డింగ్ పాస్ చూపించి అడిగితే జమ చేసే పద్ధతి ఉంటుంది, అందుకే పాయింట్లు పడేదాకా బోర్డింగ్ పాస్ పారేయొద్దు.

ఒక మాట మాత్రం మర్చిపోవద్దు, పాయింట్లు దాచుకునే సొమ్ము కాదు. కింగ్‌ఫిషర్ 2012లో ఆగింది, జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో ఆగింది, గో ఫస్ట్ 2023 మేలో ఆగింది. విస్తారా 2024 నవంబరులో ఎయిర్ ఇండియాలో కలిసింది, అక్కడి పాయింట్లు ఇటు మారాయి కాబట్టి ఆ సభ్యులు నయం. కంపెనీ నిక్షేపంగా నడుస్తున్నా నియమాలు మార్చే హక్కు దాని చేతిలోనే ఉంటుంది. ఒక టికెట్‌కి సరిపడా కాగానే వాడేయండి, మనవడి పెళ్ళికి పనికొస్తాయని ఆపుకోవద్దు.

క్రెడిట్ కార్డు సంగతి

ఎయిర్‌లైన్ పేరు మీద వచ్చే కార్డు కన్నా, ఏ కంపెనీకైనా పాయింట్లు మార్చుకునే వీలున్న బ్యాంకు కార్డు నయమని నా అభిప్రాయం, ఎందుకంటే మొదటిదానిలో మీరు ఇరుక్కుపోతారు. అయితే ఎవరి కార్డైనా సరే ఒక నెల మొత్తం కట్టకుండా మినిమం కట్టారంటే నెలకి మూడున్నర శాతం చుట్టుపక్కల వడ్డీ పడుతుంది, ఏడాదికి నలభై దాటుతుంది. మూడు శాతం పాయింట్లు అందులో ఒక్క నెలకే కొట్టుకుపోతాయి. ఏడాది ఫీజు ఎంత, అది మాఫీ కావాలంటే ఎంత ఖర్చు పెట్టాలి, అంత ఖర్చు మన ఇంట్లో సహజంగా ఉందా అని చూసుకోవాలి. లాంజ్‌లో ఉచిత టిఫిన్ కోసం కార్డు తీసుకునేవాళ్ళకి ఇంకో సమాచారం: ముందటి మూడు నెలల్లో ఇంత ఖర్చు పెడితేనే లాంజ్ అని చాలా బ్యాంకులు షరతు పెట్టేశాయి.

సొంత వ్యాపారం ఉన్నవాళ్ళకి పాయింట్ల కన్నా పెద్ద లాభం ఒకటుంది, జడ్చర్లలో బాదేపల్లి మార్కెట్ వైపు వ్యాపారులు కూడా దీన్ని వదిలేస్తుంటారు. ఎకానమీ టికెట్ మీద జీఎస్టీ 5 శాతం, బిజినెస్ క్లాస్ మీద 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం. వ్యాపారం పని మీద వెళ్తుంటే బుకింగ్ అప్పుడే మీ జీఎస్టీ నంబరు, సంస్థ పేరు ఇచ్చి ఇన్‌వాయిస్ తీసుకుంటే ఆ పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకోవడానికి, వాడుకోవచ్చు. కాంపోజిషన్ స్కీములో ఉన్నవాళ్ళకి ఇది వర్తించదు. మిగతావాళ్ళకి మాత్రం ఈ 5 శాతం ఏ దసరా రెట్టింపూ లేని డబ్బు.

పిల్లలు అమెరికాలో ఉన్న అమ్మానాన్నలకి

ఏడాదికో రెండేళ్ళకో డల్లాస్ వెళ్ళొచ్చేవాళ్ళకి దేశీయ క్లబ్బులతో పనిలేదు. దుబాయ్ మీదుగా ఎమిరేట్స్, దోహా మీదుగా ఖతార్, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా లుఫ్తాన్సా, ఈ మూడూ హైదరాబాద్ నుంచి ఉన్నాయి. వీల్‌చైర్ అవసరమా, ఎక్కడ ఎంతసేపు ఆగాలి, పచ్చళ్ళు, పొడులకి ఎన్ని పెట్టెలు అనుమతిస్తారు అన్నవే ముందు చూడాలి. తర్వాత ఏదో ఒక క్లబ్ ఎంచుకుని ప్రతిసారీ అందులోనే వేయించండి. ఎమిరేట్స్ వాళ్ళ స్కైవార్డ్స్‌లో కుటుంబసభ్యుల మైళ్ళు (వాళ్ళ పాయింట్ల పేరు) ఒకే ఖాతాలో కలుపుకునే వీలుంది, అమ్మా నాన్నా కొడుకూ కలిపితే ఏదైనా పనికొచ్చేంత అవుతుంది. సుమారు మూడేళ్ళకి గడువు తీరుతుందని మాత్రం గుర్తుంచుకోవాలి, రెండేళ్ళకోసారి వెళ్ళేవాళ్ళకి అది ఇట్టే వచ్చేస్తుంది.

అసలు ఫ్లైట్ అవసరమేనా?

మహబూబ్‌నగర్ నుంచి బెంగళూరుకి అవసరం లేదు, మొహమాటం లేకుండా చెప్తున్నా. కాచిగూడ-యశ్వంత్‌పూర్ వందే భారత్ 2023 సెప్టెంబరు నుంచి నడుస్తోంది, ఉదయం ఏడింటి ప్రాంతంలో మహబూబ్‌నగర్‌లో ఆగుతుంది, మధ్యాహ్నానికి యశ్వంత్‌పూర్‌లో దింపుతుంది. ఫ్లైట్‌లో వెళ్తే శంషాబాద్‌కి గంటన్నర, అక్కడ రెండు గంటలు, గాల్లో గంటంబావు, దిగాక దేవనహళ్ళి నుంచి ఊళ్ళోకి ఇంకో గంటన్నర. టైములో పెద్ద తేడా లేదు, డబ్బులో చాలా ఉంది. నల్గొండ వాళ్ళకి తిరుపతి కూడా అంతే, సికింద్రాబాద్-తిరుపతి వందే భారత్ నల్గొండలో ఆగుతుంది, దానికోసం శంషాబాద్ వెళ్ళి రేణిగుంటలో దిగాల్సిన పనేముంది. ఢిల్లీ, అహ్మదాబాద్, కోల్‌కతాకి ఫ్లైటే. ముంబైకి రాత్రి రైలో బస్సో అలవాటున్నవాళ్ళు పాలమూరులో ఎటూ ఎక్కువే, పొద్దున మీటింగ్ ఉంటే తప్ప వాళ్ళు మారనక్కర్లేదు.

టికెట్ రద్దు చేసేముందు

చౌక టికెట్ కొని ప్రయాణం మానుకున్నప్పుడు "ఏం రాదులే" అని చాలామంది రద్దు కూడా చేయరు. అది తప్పు. అసలు ఛార్జీ తిరిగిరాని టికెట్ అయినా సరే, పన్నులు, ఎయిర్‌పోర్టు యూజర్ ఫీజు లాంటివి తిరిగి ఇవ్వాల్సిందేనని డీజీసీఏ (విమానయానాన్ని నియంత్రించే కేంద్ర సంస్థ) నిబంధన, ప్రయాణానికి రానివాళ్ళకి కూడా అది వర్తిస్తుంది. రద్దు ఛార్జీ అసలు ఛార్జీ, ఇంధన సర్‌ఛార్జీ రెండూ కలిపిన మొత్తాన్ని మించకూడదు, రిఫండ్ ప్రాసెసింగ్ అని విడిగా కోయకూడదు. ప్రయాణానికి తగినంత టైముండగా బుక్ చేస్తే, బుక్ చేసిన కొత్తలో అదనపు ఛార్జీ లేకుండా రద్దు చేసుకునే వీలు కూడా ఉంటుంది, గడువెంతో చూసుకోండి. ఇంకా ముఖ్యమైంది, రిఫండ్‌ని నగదుగా కాకుండా వాళ్ళ దగ్గరే క్రెడిట్‌గా ఉంచాలా వద్దా అన్నది మీ ఇష్టం, వాళ్ళది కాదు. యాప్‌లో క్రెడిట్ అన్న బటన్ పెద్దగా, రంగులో ఉంటుంది, ఖాతాకి పంపించు అన్నది కింద సన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ సన్న అక్షరాల మీదే నొక్కండి.